ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి: సాఫ్ట్‌వేర్ నిర్మాణములో వనరుల పంపిణీ

ప్రస్తావన

భాష నేర్పువారికి కంప్యూటరు ప్రోగ్రాములతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. ప్రోగ్రాము కూడ ఒక భాషలో వ్రాయబడిన రచనయే. దానికిని పదములు గలవు, వాక్యములు గలవు, వ్యాకరణము గలదు. వినువాడు మాత్రము మనిషి కాడు, యంత్రము. మనిషి ఎదుటివాని వాక్యములోని లోపమును తన ఊహతో పూరించుకొని అర్థము చేసికొనును. యంత్రమునకు అట్టి ఊహ లేదు. కావున వాక్యార్థమును గూర్చి మన శాస్త్రకారులు వేసిన ప్రశ్నలనే ప్రోగ్రాము వ్రాయువాడు మరింత కఠినమైన రూపమున ఎదుర్కొనవలసి వచ్చుచున్నది.

మన విద్యార్థులలో పలువురు డిగ్రీ ముగియగనే హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రములకు పోయి జావా నేర్చుకొనుచున్నారు. ‘ఇంజెక్ట్’ అను గుర్తును ఏ పంక్తికి పైన వ్రాయవలెనో వారిలో కొందరు కంఠస్థము చేయుదురు. ఆ గుర్తు ఏ ఆపదను తప్పించుటకు పుట్టినదో తెలిసికొనరు. కంఠస్థమైన విద్య ఇంటర్వ్యూ గదిలో మొదటి ప్రశ్న వరకే తోడు వచ్చును. ‘ఎందుకు’ అను రెండవ ప్రశ్నకు అది నిలువదు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ పాఠము ఉద్దేశము.

1. వనరు అనగానేమి?

బ్యాంకు లెక్కలు, రైల్వే రిజర్వేషను, విశ్వవిద్యాలయ పరీక్షా విభాగము వంటి పెద్ద పనులు చేయు ప్రోగ్రాము ఒంటరిగా ఏమియు చేయజాలదు. సమాచారము నిలువయుండు డేటాబేసు, సందేశములు వరుసగా నిలుచు క్యూ, ఉత్తరములు పంపు మెయిల్ వ్యవస్థ, ఇతర సంస్థల సేవలు మొదలైనవి దానికి కావలెను. వీనినే వనరులు, అనగా రిసోర్సులు అందురు.

ఈ వనరులను ప్రోగ్రాము తానే తయారు చేసికొనరాదా? చేసికొనవచ్చును గాని మూడు కారణములచేత అది మంచిది కాదు. మొదటిది, డేటాబేసుతో ప్రతిసారి క్రొత్తగా సంబంధము కల్పించుకొనుట కాలము హరించు పని. రెండవది, దాని రహస్యపదమును ప్రోగ్రాములోనే వ్రాసినచో చదివిన ప్రతివానికి అది తెలిసిపోవును. మూడవది, పరీక్షించునపుడు ఒక డేటాబేసు, అసలు పనికి మరియొకటి వాడుట ఆచారము. స్థలము మారినంతమాత్రమున ప్రోగ్రామును తిరిగి వ్రాయుట తగదు. అందుచేత అప్లికేషన్ సర్వరు అను పెద్ద ప్రోగ్రాము ఈ వనరులను ముందుగనే సిద్ధపరచి యుంచును. మనము వ్రాయు ప్రోగ్రాములు దాని నీడలో పనిచేయును. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: సర్వరు వద్ద నున్న వనరు మన ప్రోగ్రాము చేతికి ఎట్లు వచ్చును?

2. పేరుతో వెదకుట

జావా భాషను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో ప్రకటించెను. 1999 డిసెంబరులో పెద్ద సంస్థల అవసరములకై జె2ఈఈ అను ప్రమాణము వెలువడెను. అందులో వనరులకు టెలిఫోను డైరెక్టరీ వంటి ఒక పట్టిక గలదు. దానిని జె.ఎన్.డి.ఐ. అందురు. ప్రోగ్రాము ఒక పేరు చెప్పును. పట్టిక ఆ పేరు గల వస్తువును తెచ్చి ఇచ్చును. చూచుటకు సులభమే. కాని ఇందు మూడు చిక్కులు గలవు.

మొదటి చిక్కు: ఆ పేరు ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాసిన అక్షరముల వరుస మాత్రమే. జావా కంపైలరు దాని వెలుపలి దంతయు పరీక్షించును గాని లోపలి అక్షరములను పట్టించుకొనదు. ఒక్క అక్షరము జారిపోయినను ప్రోగ్రాము నిర్దోషమనియే చెప్పును.

రెండవ చిక్కు: పట్టిక ఇచ్చునది ఏ జాతి వస్తువో ముందుగా తెలియదు. అన్ని జాతులకును చెల్లు ‘ఆబ్జెక్ట్’ అను సామాన్య నామముతో అది చేతికి వచ్చును. ఇది డేటాసోర్సు అని ప్రోగ్రామరు తన మాటగా చెప్పి వాడుకొనవలెను. నిజమునకు అది సందేశముల క్యూ అయినచో ప్రోగ్రాము నడుచుచుండగనే కూలిపోవును.

మూడవ చిక్కు అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఈ తప్పులు ఎప్పుడు బయటపడును? ఆ పంక్తి నడచిన దినమున. నిత్యము నడచు పంక్తియైనచో మొదటి దినముననే దొరకును. సంవత్సరమున కొకసారి ఉపకార వేతనముల పునరుద్ధరణ సమయమున మాత్రమే నడచు పంక్తియైనచో తప్పు పదునొకండు నెలలు నిద్రించి, వేలమంది విద్యార్థులు వేచియున్న దినముననే మేల్కొనును. వ్రాసినవాడు అప్పటికి ఉద్యోగము మారి యుండవచ్చును. నష్టము మాత్రము వరుసలో నిలిచిన విద్యార్థిదే.

అక్షరదోషము కంటె లోతైన దోషము మరొకటి గలదు. రూపము సరియైనదే, జాతి వేరు. అమెరికా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను అంతరిక్ష నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుని చేరుచుండగా నశించెను. భూమిపైని ఒక ప్రోగ్రాము త్రోపుడు పరిమాణమును పౌండు లెక్కలో ఇచ్చెను. దానిని గ్రహించిన ప్రోగ్రాము న్యూటను లెక్కగా భావించెను. ఈ రెండింటికి నడుమ దాదాపు 4.45 రెట్ల భేదము గలదు. ఇరుప్రక్కల నున్నవి అంకెలే. అంకె తన కొలమానమును తనతో మోసికొని పోలేదు. వట్టి పేరు, వట్టి అంకె తమ జాతిని చెప్పజాలవని ఈ సంఘటన తెలుపుచున్నది.

3. వెదకుట మాని అందుకొనుట

పెండ్లివంటకు వచ్చిన బావర్చీ బియ్యము కొరకు తానే బజారుకు పోడు. ఇంత బియ్యము, ఇంత నెయ్యి, ఇన్ని మసాలాలు అని చిట్టా వ్రాయించును. పెండ్లివారు తెచ్చి అందింతురు. అతని దృష్టి వంటపైననే నిలుచును. ప్రోగ్రాములోని క్లాసు కూడ ఇట్లే తనకు కావలసిన దేమో చెప్పి ఊరకుండవలెను. తెచ్చి ఇచ్చు భారము దానిని నడపు కంటైనరుది కావలెను. ఈ పద్ధతికి ‘డిపెండెన్సీ ఇంజెక్షన్’ అను పేరును 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ తన వ్యాసమున స్థిరపరచెను. అదే సంవత్సరము రాడ్ జాన్సన్ మొదలగువారి స్ప్రింగ్ ఫ్రేంవర్కు తొలి సంపూర్ణ రూపము వెలువడెను.

దీనితో వెదకులాట తప్పినది. సర్వరు లేకున్నను క్లాసునకు చేతితో ఒక నకలు వనరును అందించి పరీక్షించుటకు వీలు కలిగినది. అయితే ఆ తొలి దినములలో ఎవరికి ఏది అందవలెనో ఎక్స్ఎంఎల్ పత్రములలో వ్రాయుచుండిరి. అక్కడ క్లాసుల పేర్లు, వస్తువుల పేర్లు మరల అక్షరముల వరుసలే. చిక్కు జావా పుటనుండి మరియొక పుటకు కాపురము మార్చినది, అంతే.

2006 నాటి జావా ఈఈ 5 ప్రమాణము ‘రిసోర్స్’ అను గుర్తును తెచ్చెను. వనరు కావలసిన చోట ఆ గుర్తు వ్రాసి, పట్టికలోని పేరును జోడించినచో కంటైనరే అందించును. ఇది మునుపటికంటె మేలే. కాని అదే వనరు ఇరువది క్లాసులకు కావలసినచో ఆ అక్షరముల వరుస ఇరువది చోట్ల వ్రాయబడుచుండెను.

4. యోగ్యత: వాక్యమునకును ప్రోగ్రామునకును

ఇక్కడ మన శాస్త్రము వైపు ఒకసారి చూతము. పదిహేడవ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు సంస్కృతమున తర్కసంగ్రహమను చిన్న గ్రంథము రచించెను. తర్కశాస్త్రమున ప్రవేశించు విద్యార్థులు నేటికిని దానినే ముందుగా చదువుదురు. వాక్యార్థము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని అందు చెప్పబడినది.

ఆకాంక్ష యనగా ఒక పదమునకు మరియొక పదము కావలసియుండుట. ‘తెమ్ము’ అన్నచో ‘దేనిని’ అను ప్రశ్న పుట్టును. ఆవు, గుఱ్ఱము, మనిషి, ఏనుగు అని పేర్లు వరుసగా చెప్పినచో వానిలో ఒకదానికొకటి అక్కర లేదు గనుక వాక్యము కాదు. యోగ్యత యనగా అట్లు కలిసిన పదముల అర్థములు పరస్పరము పొసగుట. నిప్పుతో తడుపుమనిన వాక్యమున ఆకాంక్ష తీరినది, విభక్తి సరిగనే యున్నది. కాని తడుపుటకు నిప్పు తగదు. సన్నిధి యనగా పదములు తగిన వేళ దగ్గరగా ఉచ్చరింపబడుట. ఒక పదము ఉదయము, మరియొక పదము మధ్యాహ్నము పలికినచో అర్థము కలుగదు.

ప్రోగ్రామున క్లాసు ఒక వనరును కోరుట ఆకాంక్ష. కోరిన జాతికి ఇచ్చిన వస్తువు తగియుండుట యోగ్యత. ఈ జాతినే ప్రోగ్రాము భాషలో టైపు అందురు. నిప్పుతో తడుపుట టైపు దోషము. యోగ్యతను నడువకముందే పరీక్షించుటను టైపు భద్రత అనవచ్చును. పేరుతో వెదకు పద్ధతిలో ఆకాంక్ష తీరినట్లు కనబడును గాని యోగ్యతను పరీక్షించువారు లేరు.

2004లో వెలువడిన జావా 5 ఈ పరీక్షకు కావలసిన సాధనములను ఇచ్చెను. జెనెరిక్స్ అనునవి ‘జాబితా’ అని ఊరకొనక ‘విద్యార్థుల జాబితా’ అని చెప్పుటకు వీలు కల్పించినవి. అనొటేషనులు క్లాసులకును వాని భాగములకును గుర్తులు తగిలించుటకు వీలు కల్పించినవి. వీని ఆధారమున బాబ్ లీ ప్రారంభించిన గూగుల్ వారి గైస్ 2007లో వెలువడెను. హైబర్నేట్ నిర్మాతయైన గావిన్ కింగ్ నాయకత్వమున ‘కాంటెక్స్ట్స్ అండ్ డిపెండెన్సీ ఇంజెక్షన్’ అను ప్రమాణము తయారై 2009 డిసెంబరులో జావా ఈఈ 6తో కూడ ప్రకటింపబడెను. దీనిని సంగ్రహముగా సీ.డీ.ఐ. అందురు. ‘ఇంజెక్ట్’ అను గుర్తు వేరొక ప్రమాణమునకు చెందినది. దానిని బాబ్ లీ, రాడ్ జాన్సన్ కలిసి నడపిరి. పోటీలో నున్న రెండు ఫ్రేంవర్కుల కర్తలు ఒకే గుర్తునకు అంగీకరించుట గమనింపదగిన విషయము.

5. విశేషణము లేని విశేష్యము

టైపు ఒక్కటియే చాలునా? చాలదు. ఒక కళాశాలలో పరీక్షల డేటాబేసు ఒకటి, ఉపకార వేతనముల డేటాబేసు ఒకటి యున్నవనుకొనుడు. రెండును డేటాసోర్సు అను టైపునకు చెందినవే. ‘నాకొక డేటాసోర్సు కావలెను’ అన్నచో కంటైనరు దేనిని ఇచ్చును?

ఉర్దూ చదువు విద్యార్థులకు ఈ చిక్కు పరిచితమే. ‘కల్’ అను మాటకు నిన్న అనియు, రేపు అనియు రెండర్థములు గలవు. ప్రక్కనున్న క్రియ భూతకాలమో భవిష్యత్కాలమో చూచియే నిర్ణయింతుము. తెలుగునాట రామాపురములు అనేకములు. మండలము, జిల్లా పేర్లు చేర్చినగాని ఉత్తరము చేరదు. విశేష్యమునకు విశేషణము కావలెను. సీ.డీ.ఐ.లో ఆ విశేషణమునకే క్వాలిఫయరు అని పేరు.

ఆ విశేషణమును ఉద్ధరణ చిహ్నములలోని అక్షరములుగా వ్రాసినచో మరల మొదటికే వచ్చినట్లగును. కావున సీ.డీ.ఐ.లో విశేషణము కూడ ఒక టైపే. ‘ఉపకారవేతనము’ అను పేరుతో ఒక అనొటేషనును మనమే నిర్వచింతుము. తరువాత దానిని తప్పుగా వ్రాసినచో అట్టి అనొటేషను లేదని కంపైలరే ఆపివేయును. పేర్లను పూర్తిగా తొలగించుట సాధ్యము కాదు. పేరును కంపైలరు కంటికి కనబడునట్లు చేయుటయే ఇందలి కిటుకు.

6. మూడు మెట్ల ఉదాహరణ

మొదటి మెట్టు: ‘పరీక్షలు’, ‘ఉపకారవేతనము’ అను రెండు అనొటేషనులను నిర్వచింపవలెను. వానికి ‘క్వాలిఫయర్’ అను గుర్తు నుంచవలెను. ప్రోగ్రాము నడచునపుడు కూడ ఇవి నిలిచియుండునట్లు వాని ‘రిటెన్షన్’ను ‘రన్‌టైమ్’గా చెప్పవలెను. ఇది మరచినచో కంపైలైన తరువాత ఆ గుర్తు కంటైనరు కంటికి ఆనదు. క్రొత్తవారు తరచుగా మరచు పంక్తి ఇదియే.

రెండవ మెట్టు: ‘వనరులు’ అను ఒకే క్లాసు వ్రాయవలెను. అందు డేటాసోర్సు టైపు గల రెండు ఫీల్డులుండును. ఒక్కొక్కదానిపై మూడు గుర్తులు వ్రాయుదుము. ‘రిసోర్స్’ అను గుర్తు పట్టికలోని పేరును చెప్పును. ‘ప్రొడ్యూసెస్’ అను గుర్తు ఈ ఫీల్డు ఇతరులకు వనరును ఇచ్చునని తెలుపును. మూడవది మన విశేషణము. ఇట్టి ఫీల్డును ప్రొడ్యూసరు అందురు. పట్టిక పేరు అను అక్షరముల వరుస ప్రోగ్రాము మొత్తములో ఇచ్చట మాత్రమే కనబడును.

మూడవ మెట్టు: వేతనములు లెక్కించు క్లాసులో ‘ఇంజెక్ట్’, ‘ఉపకారవేతనము’ అను రెండు గుర్తులు వ్రాసి డేటాసోర్సు టైపు గల ఫీల్డును ప్రకటింపవలెను. ఇరువది క్లాసులకు కావలసినచో ఇరువదింటిలోను ఇట్లే. ఏ ఒక్కదానిలోను ఉద్ధరణ చిహ్నము లేదు.

ఇప్పుడు తప్పులు ఎక్కడ దొరకునో చూడుడు. విశేషణము అక్షరము తప్పినచో కంపైలు సమయముననే దొరకును. విశేషణమున్నది గాని దానికి తగిన ప్రొడ్యూసరు లేనిచో, ప్రోగ్రామును సర్వరుపై నెలకొల్పునపుడే ఆకాంక్ష తీరలేదని కంటైనరు చెప్పి నిలిపివేయును. ఒకే కోరికకు ఇద్దరు ప్రొడ్యూసర్లు తగినచో సందిగ్ధమని చెప్పి అప్పుడే నిలిపివేయును. తనకు తోచినదానిని ఎన్నుకొనదు. పదునొకండు నెలలు నిద్రించు తప్పు ఈ విధముగా మొదటి దినముననే పట్టుబడును.

7. సన్నిధి: తగిన వేళ, తగిన చోట

సీ.డీ.ఐ. పేరులో మొదటి మాట ‘కాంటెక్స్ట్స్’, అనగా సందర్భములు. ప్రతి వస్తువునకు ఒక ఆయుర్దాయము గలదు. ఒక్క విన్నపము తీరువరకు జీవించునవి కొన్ని. ఒక వినియోగదారుడు లోనికి వచ్చి వెడలిపోవు వరకు, అనగా సెషను కాలము జీవించునవి కొన్ని. ప్రోగ్రాము నడచినంతకాలము జీవించునవి కొన్ని.

దీర్ఘాయువు గల వస్తువునకు అల్పాయువు గల వస్తువును నేరుగా అందించినచో ఏమగును? ప్రోగ్రాము అంతటికి ఒకటే యైన క్లాసునకు మొదట వచ్చిన విద్యార్థి వివరములను అంటగట్టినచో, తరువాత వచ్చిన వారందరికి ఆ మొదటివాని మార్కులే కనబడును. టైపు సరియైనదే, విశేషణము సరియైనదే, సన్నిధి మాత్రము లోపించినది. దీనిని తప్పించుటకు ఇట్టి ఆయుర్దాయములు గల వస్తువుల విషయమున కంటైనరు అసలు వస్తువునకు బదులు ముఖ్తారు వంటి ప్రతినిధి నొకదానిని అందించును. పని వచ్చిన ప్రతిసారి ఆ ప్రతినిధి ప్రస్తుత సందర్భమునకు చెందిన అసలు వస్తువును వెదకి పని దానికి అప్పగించును.

తీసికొన్న వనరును తిరిగి ఇచ్చుట మరియొక ధర్మము. డేటాబేసు సంబంధము అమానతు వంటిది. పని ముగిసిన వెంటనే అప్పగింపవలెను. అప్పగింపనిచో సర్వరు వద్దనున్న సంబంధములు ఒకటొకటిగా తరిగి కడకు అందరు నిలిచిపోవుదురు. ప్రొడ్యూసరు మెథడు ద్వారా వనరును తయారుచేసినపుడు, దానిని మూసివేయుటకు పరామితిపై ‘డిస్పోజెస్’ గుర్తు గల మెథడును జతగా వ్రాయవచ్చును. సందర్భము ముగిసినపుడు కంటైనరు దానిని పిలుచును.

8. పరిమితులు

ఏ సాధనమునకైనను హద్దు గలదు. రెండవ మెట్టులో ‘ఉపకారవేతనము’ అను విశేషణము ప్రక్కన పొరపాటున పరీక్షల డేటాబేసు పేరు వ్రాసినచో ఏ కంటైనరును పట్టుకొనజాలదు. రెండును డేటాసోర్సులే గదా! వ్యాకరణము నిప్పుతో తడుపుటను ఆపగలదు గాని అబద్ధమును ఆపజాలదు. అయితే వెదకవలసిన చోటు ఇరువదినుండి ఒకటికి తగ్గినది. ఆ ఒక్క పుటను ఇద్దరు కూర్చుండి చదువవచ్చును.

రెండవది, ‘నేమ్‌డ్’ అను సిద్ధమైన క్వాలిఫయరు ఒకటి గలదు. దానిలో పేరును అక్షరముల వరుసగనే వ్రాయుదురు. సులభమని పలువురు దీనినే వాడుదురు. కాని ఇంజెక్షను చోట దీనిని వాడుటను సీ.డీ.ఐ. ప్రమాణమే ప్రోత్సహింపదు. ముందు ద్వారమున పంపివేసిన చిక్కును పెరటి ద్వారమున పిలిచినట్లగును.

మూడవది, సీ.డీ.ఐ.లో యోగ్యతా పరీక్ష ప్రధానముగా నెలకొల్పు సమయమున జరుగును. ఇంకను ముందే, ప్రోగ్రామును కట్టు సమయముననే ఈ పరీక్ష జరుపు సాధనములు తరువాత వచ్చినవి. ఆండ్రాయిడు ప్రోగ్రాములలో వాడు డాగర్, 2019లో రెడ్‌హ్యాట్ వారు ప్రకటించిన క్వార్కస్ అట్టివి. తప్పును ఎంత ముందుగా పట్టిన అంత చవుక అను సూత్రమే వీనికిని ఆధారము.

ఒక వ్యవహార విషయము. జావా ఈఈ బాధ్యతను ఎక్లిప్స్ ఫౌండేషనుకు అప్పగించునట్లు ఒరాకిల్ సంస్థ 2017లో ప్రకటించెను. 2018లో దానికి జకార్తా ఈఈ అను పేరు వచ్చెను. 2020లో వెలువడిన 9వ రూపమున ప్యాకేజీల పేర్లలోని ‘జావాఎక్స్’ పోయి ‘జకార్తా’ వచ్చెను. పాత పుస్తకమునుండి పంక్తులు ఎత్తివ్రాయు విద్యార్థి మొదట తడబడునది ఇచ్చటనే.

ఉపసంహారము

విద్యార్థి మిత్రులారా! ఫ్రేంవర్కుల పేర్లు మారుచుండును. నేడు నేర్చిన గుర్తు పది సంవత్సరములకు వేరొక గుర్తుగా కనబడవచ్చును. మారని ప్రశ్నలు మూడు: ఈ క్లాసునకు ఏది కావలెను? ఇచ్చునది దానికి తగినదేనా? తగిన సందర్భముననే అందుచున్నదా? ఏ క్రొత్త ఫ్రేంవర్కు చేతికి వచ్చినను ఈ మూడు ప్రశ్నలు వేసి, ప్రతి ప్రశ్నకు అది ఏ సమయమున సమాధానము చెప్పుచున్నదో చూడుడు. వ్రాయునపుడా, నెలకొల్పునపుడా, లేక ఎవరో ఒక పేద విద్యార్థి వేతనము కొరకు వరుసలో నిలిచియున్నపుడా? ఈ భేదము తెలిసినవాడు ‘ఇంజెక్ట్’ అను గుర్తును ఎక్కడ వ్రాయవలెనో కంఠస్థము చేయనక్కర లేదు.